ముక్క పరీక్ష రిపోర్టు చేతికొచ్చాక

ఇంట్లో ఒకరికి రొమ్ములో గడ్డ తగిలింది. ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించారు. క్యాన్సర్ అని తేలింది. ఇప్పుడు మీ చేతిలో మూడు పేజీల రిపోర్టుంది. అందులో మీకు అర్థమయ్యేవి పేషెంటు పేరు, వయసు, తేదీ. మిగతావన్నీ ఇంగ్లిష్ అక్షరాలు, ప్లస్సులు, మైనస్సులు, శాతాలు. మీ ఇల్లు గోదావరిఖని లక్ష్మీనగర్‌లో ఉన్నా, ఎయిట్ ఇంక్లైన్ కాలనీలో ఉన్నా, సెంటినరీ కాలనీ క్వార్టర్‌లో ఉన్నా ఆ సాయంత్రానికి చుట్టాలు దిగుతారు. "బొంబాయి తీస్కపో బావా, ఇక్కడ పెట్టకు" అంటాడు ఒకాయన. "కత్తి పెడితే పాకుతది, పెట్టనియ్యకు" అంటుంది ఇంకో పెద్దమ్మ. ఎవరూ ఆ కాగితం చదవరు.

వచ్చినవాళ్లంతా అడిగేది మాత్రం ఒకటే: "ఏ స్టేజీ?"

అడగాల్సిన ప్రశ్నే అది. అయితే దాంతోపాటు ఇంకోటి అడగాలి. "ఏ రకం?" స్టేజీ అంటే జబ్బు ఎంత దూరం పోయిందో చెప్పే లెక్క. ఏ మందుకు అది లొంగుతుందో చెప్పేది రకం. ఒకే వీధిలో ఇద్దరికి ఒకే స్టేజీలో రొమ్ము క్యాన్సర్ వస్తే ఒకామె ఐదేళ్లు రోజుకో బిళ్ల వేసుకుంటుంది, ఇంకొకామె ఏడాది పాటు మూడు వారాలకోసారి ఇంజెక్షన్ తీసుకుంటుంది. "ఆమెకు ఇచ్చిందే మాకూ ఇయ్యండి" అని డాక్టర్‌తో వాదించి ప్రయోజనం లేదు.

సింగరేణివాళ్లు మీరు, బొగ్గు సంగతి మీకు నేను చెప్పాలా? సీహెచ్‌పీ (బొగ్గు వ్యాగన్లకెత్తే ప్లాంటు) నుంచి వ్యాగన్లలో పోయేదంతా చూడ్డానికి నలుపే. శాంపిల్ తీసి ల్యాబులో కాల్చి చూస్తేనే అది ఏ గ్రేడో తెలుస్తుంది, ధర దాన్నిబట్టే పలుకుతుంది. రొమ్ములోంచి తీసిన ముక్కదీ అదే కథ. శాంపిల్ పాడైతే రకం తప్పుతుంది, రకం తప్పితే మందు తప్పుతుంది. అందుకని ఈ అధ్యాయంలో సగం రిపోర్టు చదవడం గురించి, సగం ఆ ముక్కను కాపాడుకోవడం గురించి.

1. తొందరపడి గడ్డ తీయించకండి

మన దగ్గర ఎక్కువగా జరిగే తప్పు ఇదే. భర్తకు మొదటి షిఫ్టు. నాగా పెడితే మస్టర్లు తగ్గుతాయని భయం. "సారూ, ఆ గడ్డేదో తీసేయండి, అయిపాయె" అంటాడు. ఊళ్లోని ఓ చిన్న నర్సింగ్‌హోంలో అరగంటలో తీసేస్తారు. అందరికీ గుండె మీది బరువు దిగుతుంది. అసలు ఇబ్బంది ఆ తర్వాత మొదలవుతుంది. తీసిన గడ్డ ఎటు పోయింది? ల్యాబుకు పంపారా? అంచుల్లో జబ్బు మిగిలిందా? హైదరాబాద్‌లో క్యాన్సర్ డాక్టర్ ఈ మూడూ అడిగినప్పుడు జవాబు చెప్పేవాళ్లుండరు.

ముందు చేయించాల్సింది సూది బయాప్సీ. ఇందులోనూ రెండు రకాలున్నాయి. సన్న సూదితో కణాలు లాగేది ఒకటి, దాన్ని ఎఫ్‌ఎన్‌ఏసీ అంటారు. కాస్త లావు సూదితో దారంలాంటి సన్నటి ముక్కలు తీసేది రెండోది, ట్రూకట్ లేదా కోర్ బయాప్సీ. మొదటిది "క్యాన్సర్ ఉందా లేదా" అన్నదానికి ఓ అంచనా ఇస్తుంది. రకం నమ్మకంగా తేల్చడానికి కావాల్సింది రెండోది. "సార్, ట్రూకట్ చేస్తారా?" అని మీరే అడగండి, ఎవరూ తప్పు పట్టరు.

ముందే రకం తెలిస్తే ఇంకో లాభముంది. కొన్ని రకాల్లో గడ్డ పెద్దదైనా, చంకలో గ్రంథులకు తగిలినా ముందు మందు ఇచ్చి తర్వాత ఆపరేషన్ చేస్తారు. గడ్డ కరుగుతుంటే మందు పనిచేస్తోందని కళ్లముందే కనిపిస్తుంది. ఆపరేషన్‌లో తీసిన భాగంలో జబ్బు కణాలు మిగిలాయా లేదా అన్నదాన్నిబట్టి తర్వాతి మందు మారుతుంది. గడ్డ ముందే తీసేస్తే ఈ అవకాశం పోయినట్టే.

"ఆగితే పెరగదా?" అంటారా? పూర్తి రిపోర్టు కోసం రెండు మూడు వారాలు ఆగితే కొంప మునగదు. మూడు నాలుగు నెలలు చెట్టు మందులతో గడిపితేనే మునుగుతుంది.

2. సీసా మీద టైం రాయించండి

ఈ సలహా మీకు చాదస్తంగా కనిపించొచ్చు. నా లెక్కలో ఈ అధ్యాయం మొత్తంలో ఎక్కువ పనికొచ్చేది ఇదే.

శనివారం సాయంత్రం ఆపరేషన్ అయిందనుకోండి. ముక్కను ఓ ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మీద తెల్ల ప్లాస్టర్ అంటించి, బాల్‌పెన్నుతో పేరు రాసి కౌంటర్ పక్కన పెట్టారు. ఆదివారం ల్యాబు బంద్. సోమవారం పొద్దున మీ బామ్మర్ది దాన్ని సంచిలో వేసుకుని రామగుండం స్టేషన్లో రైలెక్కాడు. ల్యాబువాళ్ల చేతికందేసరికి మధ్యాహ్నం. ఇంతసేపూ ఆ ముక్క దేంట్లో ఉంది?

అది పది శాతం ఫార్మలిన్‌లో ఉండాలి. ఒంట్లోంచి తీసిన గంటలోపే అందులో పడాలి. ముక్క కంటే ద్రవం పదింతలుండాలి. అందులో కనీసం ఆరు గంటలు, గరిష్ఠంగా 72 గంటలు ఉంచాలన్నది ప్రపంచవ్యాప్తంగా ల్యాబులు పాటించే నియమం. ఫార్మలిన్ బదులు సెలైన్‌లో వేస్తే కణాలు కుళ్లడం మొదలవుతుంది. అప్పుడు నిజానికి పాజిటివ్ రావాల్సిన పరీక్ష నెగెటివ్‌గా రావచ్చు. నెగెటివ్ అంటే అర్థం తెలుసుగా? రోజుకో బిళ్లతో అదుపులో ఉండాల్సిన మనిషికి ఆ బిళ్ల రాయరు.

రొమ్ము మొత్తం తీసిన ఆపరేషనైతే ఇంకో జాగ్రత్త కావాలి. అంత పెద్ద భాగం లోపలిదాకా ఫార్మలిన్ ఇంకడానికి చాలాసేపు పడుతుంది, ముందే చీలికలుగా కోసి ఉంచాలి. ఆ పని మీది కాదు. "లోపలికి ఫార్మలిన్ పట్టేలా కోసి పెట్టారా సార్?" అని అడగడం మాత్రం మీ పనే.

అందుకని సీసా మీద పేరుతో పాటు మూడు విషయాలు రాయించండి: ఏ వైపు రొమ్ము, ముక్క తీసిన టైం, ఫార్మలిన్‌లో వేసిన టైం. ఫోన్‌తో ఓ ఫొటో తీసుకోండి. మూత తీసి వాసన చూడకండి, ఆ ఆవిరి మంచిది కాదు. చల్లగా ఉంటే పాడవదని ఐస్‌లోనో ఫ్రీజర్‌లోనో పెట్టేవాళ్లున్నారు. అదీ వద్దు. గడ్డకడితే కణాలు పగిలిపోతాయి. ఆపరేషన్ తేదీ మీ చేతిలో ఉంటే శనివారం సాయంత్రం బదులు సోమవారమో మంగళవారమో పెట్టించుకోండి.

3. నాలుగు పేర్ల కింద పెన్నుతో గుర్తు పెట్టండి

రిపోర్టులో అన్నీ అర్థం కానక్కర్లేదు. ఐహెచ్‌సీ (కణాలకు రంగు వేసి చూసే పరీక్ష) అని రాసున్న పేజీ తీయండి. అందులో నాలుగు పేర్లు వెతకండి: ఈఆర్, పీఆర్, హెర్‌2, కీ-67. ఇవి లేకపోతే ఆ రిపోర్టు ఇంకా పూర్తి కాలేదన్నమాట. క్యాన్సర్ ఉందని మాత్రం చెప్పి ఆగిపోయింది. వైద్యం మొదలుపెట్టేముందు ఆ పేజీ అడిగి తెచ్చుకోండి.

ఈఆర్, పీఆర్: ఆడవాళ్ల ఒంట్లో ఊరే హార్మోన్లను తిని ఆ గడ్డ పెరుగుతోందా అని చెప్పేవి ఇవి. నూటికి ఒక్క కణం రంగు పట్టినా ఈఆర్ పాజిటివ్ కిందే లెక్క. 1 నుంచి 10 శాతం మధ్య ఉంటే "లో పాజిటివ్" అని విడిగా రాస్తారు. అప్పుడు బిళ్ల ఎంతవరకు పనిచేస్తుందో డాక్టర్‌ను గుచ్చి అడగాలి. కొన్ని ల్యాబులు శాతం బదులు ఎనిమిదికి మార్కులేస్తాయి, కంగారు పడకండి. పాజిటివ్ అయితే హార్మోన్ బిళ్లలు. నెలసరి ఆగనివాళ్లకు ఎక్కువగా టామాక్సిఫెన్ ఇస్తారు. 1970ల నుంచి వాడుకలో ఉన్న పాత మందు, చవక. నెలసరి ఆగినవాళ్లకు లెట్రోజోల్ లాంటివి ఇస్తారు. కనీసం ఐదేళ్లు వాడాలి, కొందరికి పదేళ్లు.

హెర్‌2: దీని దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. 0, 1+, 2+, 3+ అని నాలుగు మెట్లుంటాయి. 3+ ఉంటేనే పాజిటివ్. 0, 1+ నెగెటివ్. మరి 2+?

"ప్లస్ ఉంది కద సార్, పాజిటివే కద?"

కాదు. నెగెటివ్ కూడా కాదు. "ఇంకో పరీక్ష చేసి చెప్తాం" అని అర్థం. ఆ పరీక్ష పేరు ఫిష్. అదే ముక్క మీద జన్యువుల సంఖ్య లెక్కపెట్టి చెప్తారు. ఖర్చు ఎక్కువని, రిపోర్టు లేటని దాన్ని ఎగ్గొట్టే ఇళ్లున్నాయి. 2+ దగ్గర ఆగిపోవద్దు. ఫిష్ పాజిటివ్ వస్తే ట్రాస్టుజుమాబ్ అనే ఇంజెక్షన్ ఏడాదిపాటు ఇస్తారు, మధ్యమధ్య గుండెకు టూడీ ఎకో తీస్తారు. అమెరికాలో 1998లో అనుమతి పొందిన ఈ మందు ఒకప్పుడు మన ఇళ్లలో ఎవరూ ఊహించలేని ధరలో ఉండేది. 2014లో మన దేశంలోనే తయారైన బయోసిమిలర్లు మార్కెట్లోకి వచ్చాక ధర దిగింది. కాబట్టి "అది పెద్దోళ్ల మందు" అని ఎవరో అంటే విని వదిలేయకండి. మీ సింగరేణి రెఫరల్‌లో గానీ ఆరోగ్యశ్రీలో గానీ వస్తుందా అని అడగండి. ఇంకో సంగతి: జబ్బు వేరే అవయవాలకు పాకినవాళ్లలో 1+ కూడా ఇప్పుడు లెక్కలోకి వస్తోంది. ఒక కొత్త మందు అలాంటివాళ్లకూ పనిచేస్తుందని 2022లో తేలింది. ధర మాత్రం ఇంకా మంటే.

ఈఆర్, పీఆర్, హెర్‌2 మూడూ నెగెటివ్ అయితే దాన్ని ట్రిపుల్ నెగెటివ్ అంటారు. ఇండియాలో వీళ్ల వాటా పాశ్చాత్య దేశాల కంటే ఎక్కువ. ఇంటర్నెట్లో ఆ పేరు కొట్టి రాత్రంతా ఏడ్చినవాళ్లుంటారు. ఏడవకండి అని నేననను. కానీ ఈ రకం కీమోకు బాగా స్పందిస్తుందన్న మాట కూడా అక్కడే రాసుంటుంది, అది ఎవరూ చదవరు. కొందరికి ఇమ్యునోథెరపీ కలుపుతారు. బీఆర్‌సీఏ జన్యు పరీక్ష, రక్తంతో చేసేది, వీళ్లు తప్పక అడగాలి. అది పాజిటివ్ అయితే ఆ లోపం రక్తసంబంధీకుల్లోనూ ఉండొచ్చు కాబట్టి అక్కచెల్లెళ్లకు, కూతుళ్లకే కాదు, అన్నదమ్ములకు, కొడుకులకు కూడా కబురు చెప్పాలి.

కీమో అనగానే అదేదో పరాయి విషం అనుకుంటాం. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత ఇచ్చి ఫలితం చూపించిన తొలి కీమోల్లో ఒకటి సీఎంఎఫ్, 1976లో దాని ఫలితాలు వచ్చాయి. అందులో మధ్య అక్షరం మెథోట్రెక్సేట్. దాన్ని తెచ్చిన లెడర్లీ ల్యాబు బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

కీ-67: కణాలు ఎంత జోరుగా చీలుతున్నాయో చెప్పే శాతం. దీని మీద ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. ఒక ల్యాబు 18 అంటుంది, ఇంకోటి 26 అంటుంది. లెక్కపెట్టే మనిషిని బట్టి కూడా మారుతుంది. మరీ తక్కువ, మరీ ఎక్కువ అయితే పనికొచ్చే సమాచారమే. మధ్యలో ఉంటే దాన్ని పట్టుకుని మూడో ల్యాబుకు పరుగెత్తకండి.

4. గ్రేడును స్టేజీ అనుకోకండి

"గ్రేడ్ త్రీ అట, మూడో స్టేజీ అట" అని కాలనీ అంతా పాకిపోతుంది. రెండూ వేరు. గ్రేడు అంటే మైక్రోస్కోపు కింద కణాలు మామూలు రూపానికి ఎంత దూరంగా ఉన్నాయన్నది. మూడు అంశాలకు మార్కులేసి కూడితే 3 నుంచి 9 వస్తుంది. 8, 9 అయితే గ్రేడ్ 3. చిన్న గడ్డ, మొదటి స్టేజీ, గ్రేడ్ 3 ఒకే మనిషిలో ఉండొచ్చు.

5. మైనపు దిమ్మెను ఎండలో పెట్టకండి

పరీక్ష కోసం ల్యాబువాళ్లు ముక్కను మైనంలో పొదిగి చిన్న దిమ్మెగా చేస్తారు, పరీక్ష అయ్యాక దాన్ని దాస్తారు. దాన్ని బ్లాకు అంటారు. దాంట్లోంచి పలుచటి పొరలు కోసి గాజు స్లైడ్ల మీద పెడతారు. రెండో అభిప్రాయం కావాలన్నా, ఫిష్ చేయాలన్నా, ఐదేళ్ల తర్వాత కొత్త పరీక్ష వచ్చినా ఆ బ్లాకే దిక్కు.

హైదరాబాద్ డాక్టర్ "బ్లాకు, స్లైడ్లు పట్టుకురండి" అంటే ల్యాబులో లెటర్ ఇచ్చి తీసుకోండి. బ్లాకు మీది నంబరు, రిపోర్టు మీది నంబరు ఒకటేనా చూసుకోండి. రసీదు రాసివ్వండి, పని కాగానే తిరిగి ఇవ్వండి. రామగుండం ఎండ సంగతి మీకు తెలిసిందే, మే నెలలో 45 డిగ్రీలు మామూలు. తలుపులేసిన కారు లోపల ఇంకా ఎక్కువ. మైనం 60 డిగ్రీల దగ్గర్లో కరుగుతుంది. డ్యాష్‌బోర్డు మీద, బండి డిక్కీలో బ్లాకు పెట్టకండి. చొక్కా జేబులో వేసుకుని ఏసీ బస్సెక్కితే చాలు. స్లైడ్లు మాత్రం జేబులో పగులుతాయి, డబ్బా అడగండి.

6. ఫైలు ఆమె చేతిలో పెట్టండి

"ఆమెకు చెప్పకండి సార్, భయపడ్తది." డాక్టర్ గది తలుపు దగ్గర ఆగి ఈ మాట అనే భర్తలు, అన్నలు కోకొల్లలు. ప్రేమతోనే అంటారు. కానీ ఐదేళ్లు బిళ్ల వేసుకోవాల్సింది ఎవరు? ఒంట్లో ఆవిర్లు వచ్చి, కీళ్లు పట్టేసి "ఇగ వద్దు, బాగానే ఉన్న కద" అనుకునేది ఎవరు? తన గడ్డ హార్మోన్ తిని పెరిగిందని, ఈ బిళ్ల ఆ తిండి ఆపుతోందని తెలిసినామె ఏడాదికే మానేయదు. తెలియనామె బతుకమ్మ పండక్కి పుట్టింటికి పోయినప్పుడు మర్చిపోయి, తిరిగొచ్చాక అడగడం కూడా మానేస్తుంది.

ఆమెకు ఇంగ్లిష్ రాకపోతే రిపోర్టు వెనకాల తెలుగులో రాసివ్వండి: "ఈఆర్ పాజిటివ్, హెర్‌2 నెగెటివ్, బిళ్ల రోజూ." బిళ్లతో ఇబ్బందిగా ఉంటే మానేయకుండా డాక్టర్‌తో చెప్పమనండి, మార్చే మందులున్నాయి.

7. ఎక్కడికి పోయినా ఈ ప్రశ్నలు పట్టుకుపోండి

సింగరేణి ఉద్యోగి కుటుంబమైతే ఏరియా ఆసుపత్రిలో రెఫరల్ రాయించుకుని హైదరాబాద్ పోతారు. కాంట్రాక్టు కార్మికుల ఇళ్లలో చాలామందికి ఆరోగ్యశ్రీ ఆధారం, దాని పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే 1950ల నుంచి ఉన్న ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి. పంజాగుట్టలో నిమ్స్ ఉంది. ఎక్కడైనా డాక్టర్ ముందు మీకు దొరికేది పది నిమిషాలే, రాజీవ్ రహదారి మీద రెండొందల కిలోమీటర్లకు పైగా వచ్చి ఆ పది నిమిషాలూ ఏడుపుతో పోగొట్టుకోకండి. కాగితం మీద రాసుకుని అడగండి:

ఈ రిపోర్టులో రకం పూర్తిగా తేలిందా, ఇంకేమైనా పరీక్ష మిగిలిందా?
ముందు మందా, ముందు ఆపరేషనా? ఎందుకు?
మీ ప్యాథాలజీలో ఈ స్లైడ్లు మళ్లీ చూస్తారా?
కీమో నిజంగా కావాలా? (ఈఆర్ పాజిటివ్, హెర్‌2 నెగెటివ్ వాళ్లలో కొందరికి అక్కర్లేదని జన్యు పరీక్షలతో తేల్చొచ్చు. అందరికీ అవసరం ఉండదు, ఖర్చూ ఎక్కువే. అయినా అడగడానికి డబ్బులు కావు.)
రేడియేషన్ ఎన్నాళ్లు, అన్నాళ్లు ఎక్కడుండాలి?

"బొగ్గు దుమ్ము వల్ల వచ్చిందా సార్?" అన్న ప్రశ్న కూడా ప్రతివాళ్లూ అడుగుతారు. దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. రొమ్ము క్యాన్సర్‌కు రుజువైన కారణాల్లో మాత్రం అది లేదు. పది నిమిషాల్లో రెండు నిమిషాలు దీనికి ఖర్చుపెట్టకండి.

8. తిరగబెడితే పాత రిపోర్టును నమ్మకండి

ఐదారేళ్ల తర్వాత ఎముకలోనో కాలేయంలోనో మళ్లీ కనిపిస్తే పాత ఫైలు తీసి అదే మందు మొదలుపెట్టమంటారు ఇంట్లోవాళ్లు. కొత్త చోట మొలిచిన జబ్బు రకం మారి ఉండొచ్చు, అప్పుడు పాజిటివ్ అయింది ఇప్పుడు నెగెటివ్ కావచ్చు, తలకిందులుగానూ జరగొచ్చు. వీలున్నచోట మళ్లీ ముక్క తీసి పరీక్షించమని అడగండి. "మళ్లా సూదా?" అని పేషెంటు మొహం మాడ్చుకుంటే, ఆ సూది దేనికో ఈసారి మీరే చెప్పగలరు.

9. మగవాళ్లు కూడా

రొమ్ము క్యాన్సర్లలో నూటికి ఒకటి, ఇంకా తక్కువే, మగవాళ్లకు వస్తుంది. చనుమొన కింద గట్టి గడ్డ, నొప్పి ఉండదు. బొగ్గు బాయిలో రాయి తగిలిందనో, దెబ్బ వాపనో ఏడాది గడిపేస్తారు. తోటివాళ్లకు చెప్పడానికి సిగ్గు. మగవాళ్లకు వచ్చేది ఎక్కువగా ఈఆర్ పాజిటివ్ రకమే, అంటే బిళ్లకు లొంగేది. షిఫ్టు దిగి స్నానం చేసేటప్పుడు అలాంటిది చేతికి తగిలితే వారంలోపు డాక్టర్‌కు చూపించండి, ట్రూకట్ అడగండి, సీసా మీద టైం రాయించండి.